డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: మందు వెనక సొమ్ము ఎవరిది?

మన ఇళ్లలో కీళ్లవాతంతో బాధపడే పెద్దవాళ్లు వారానికి ఒకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర చాలామందికి తెలుసు. గర్భిణులకు ఆశా కార్యకర్త ఇచ్చి వెళ్లే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. బోదకాలు రాకుండా ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర మా గంజాం జిల్లాలో తెలియనివారు లేరు. ఈ మూడింటి వెనక ఉన్న పరిశోధనలో పాలుపంచుకున్న తెలుగువాడు ఒక్కడే. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పోయి 75 ఏళ్లు దాటింది.

సుబ్బారావు గారి గొప్పతనం గురించి మన పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. నోబెల్ రాలేదని బాధపడుతూ రాసినవే ఎక్కువ. ఆ బాధ న్యాయమైనదే. నేను మాత్రం ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ పని చూసినా దీనికి సొమ్ము ఏ పద్దు నుంచి వచ్చింది, ఎన్నాళ్లు వచ్చింది, ఎక్కడ ఆగింది అని చూడడం అలవాటైపోయింది. ఆయన జీవితాన్ని ఆ కంటితో చూస్తే మరో కథ కనబడుతుంది. అమెరికాలో వైద్య పరిశోధనకు ప్రభుత్వ నిధులు కోస్తున్నారని, అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు దిగులుపడుతున్నారని వింటున్న ఈ రోజుల్లో ఆ కథ ఒకసారి చెప్పుకోవడం మంచిది.

భీమవరం నుంచి మద్రాసుకు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. అప్పటికి భీమవరం, మా బరంపురం, బళ్లారి, హోసూరు అన్నీ మద్రాసు రాజధానిలోనివే. పెద్ద చదువు అంటే అందరికీ మద్రాసే దిక్కు. మనలో చాలామంది తాతముత్తాతలు ఎక్కడికీ వలస పోలేదు, తర్వాత సరిహద్దులే జరిగాయి.

తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఆ ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. పిల్లవాడుగా ఉన్నప్పుడు సుబ్బారావు కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడని, తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టిందని చెబుతారు. కొడుకు చదువు కోసం ఆవిడ ఒంటిమీది బంగారం అమ్మిందని కూడా ఆ కుటుంబం గురించి రాసినవాళ్లు రాశారు.

రాజమండ్రిలో చదువు సరిగా సాగలేదు. ఇంట్లో వరుసగా జబ్బులు, చావులు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి ప్యాసయ్యాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియెట్ అయ్యాక రామకృష్ణ మఠం వైపు మనసు మళ్లింది. సన్యాసం కన్నా వైద్యం చదివి సేవ చెయ్యడం మేలని పెద్దలు చెప్పగా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఫీజులు స్నేహితులు కట్టారు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కట్టారు. తర్వాత ఆయన కుమార్తె శేషగిరిని 1919లో పెళ్లి చేసుకున్నారు. ఇది మొదటి పద్దు. అయినవాళ్లు ఇచ్చిన సొమ్ము.

కాలేజీలో ఉన్నప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్లారు. శస్త్రచికిత్స ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ ఇవ్వలేదు. దానికన్నా తక్కువైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికొచ్చింది. దాంతో మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగం దొరకలేదు. బ్రతుకుతెరువు కోసం మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరారు.

ఆ కాలంలోనే ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాతో పోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణించిపోతుంది. అప్పటికి దానికి సరైన మందు లేదు. డాక్టరు చదువు చదివిన అన్నదమ్ముడు ఉన్న ఇంట్లోనే ఇద్దరు పోయారు. ఆ తర్వాత ఆయన దృష్టంతా మందు కనుక్కోవడం మీదికే పోయింది.

కాకినాడ ధర్మనిధి

అమెరికా నుంచి రాక్‌ఫెల్లర్ స్కాలర్‌షిప్పు మీద వచ్చిన ఒక డాక్టరు మద్రాసులో పరిచయమయ్యారు. ఆయన మాటల వల్ల హార్వర్డ్‌కు వెళ్లాలన్న కోరిక గట్టిపడింది. వెళ్లాలంటే ఓడ ఖర్చు, అక్కడ ఫీజు, తిండి. ప్రభుత్వం స్కాలర్‌షిప్పు ఇచ్చే పరిస్థితి లేదు. పూర్తి డిగ్రీ లేదు, పైగా ఖద్దరు ముద్ర ఉంది.

అప్పుడు ఆదుకున్నది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ. సత్యలింగ నాయకర్ గారు యానాం పక్కనే ఉన్న కోరంగి ప్రాంతం నుంచి కూలి బతుకుతో రంగూన్ వెళ్లి, అక్కడ లక్షలు గడించిన మనిషి. ఆస్తి ధర్మానికి రాసి పోయారు. సుబ్బారావు అమెరికా ప్రయాణానికి సిద్ధమయ్యేటప్పటికి ఆయన లేరు. ఆయన రాసిపెట్టిన వీలునామా మాత్రం పని చేసింది. పొరుగు దేశం పోయి కష్టపడిన ఒక తెలుగువాడి సొమ్ము, ముఖం కూడా చూడని మరో తెలుగువాణ్ణి ఓడ ఎక్కించింది. మిగిలింది మామగారు కూడబెట్టి ఇచ్చారు. ఇది రెండో పద్దు. మనలాంటి వలస కుటుంబాలవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన పద్దు.

మూడేళ్లలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి బయలుదేరారు. ఆమె అప్పటికి గర్భిణి. పుట్టిన కొడుకు తొమ్మిది నెలలకే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. తిరిగి ఇండియాకు ఎప్పుడూ రాలేదు. శేషగిరమ్మ గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఈ మాట రాయకుండా ఆయన గొప్పతనం మాత్రమే రాయడం న్యాయం కాదు. ఈ పరిశోధన ఖర్చులో ఆవిడ కట్టిన భాగం కూడా ఉంది. ఏ లెక్కల పుస్తకంలోనూ అది ఎక్కలేదు.

బోస్టన్‌లో

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. చదువుకు స్కాలర్‌షిప్పు లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేసి ఖర్చులు వెళ్లదీశారు. మద్రాసులో డాక్టరు చదువు చదివినవాడు బోస్టన్‌లో ఆ పని చేశాడు. డిప్లొమా వచ్చాక హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

అక్కడ మొదట చేసిన పని రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి. 1925లో అచ్చయింది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ప్రపంచమంతా ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు వాడారు. బయోకెమిస్ట్రీ చదువుకున్న మన పిల్లలకు ఈ పేరు తెలిసే ఉంటుంది. ఈ పద్ధతి మందు కాదు, దాంతో ఎవరి జబ్బూ నయం కాలేదు. అయితే ఆ కొలబద్ద చేతిలో ఉండబట్టే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. 1929లో ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే కనుక్కున్నారు. మనిషి చెయ్యి కదిపినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యే శక్తి ఏటీపీ రూపంలోనే ఉంటుంది. అంతకుముందు కండరం పని చెయ్యడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అనుకునేవారు. ఆ సిద్ధాంతానికి 1922 నోబెల్ కూడా ఇచ్చారు. ఈ కొత్త పరిశోధనలతో అది మారిపోయింది.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. పేరు చాటుకోవడం ఆయనకు చేతకాదు, తాను చేసిన పనిలో తన పేరు వెనక పడినా పట్టించుకోలేదు. భారతీయులకు అమెరికా పౌరసత్వం లేదని అక్కడి సుప్రీంకోర్టు 1923లోనే తేల్చేసింది. సుమారు 17 ఏళ్లు బోస్టన్‌లో ఉండి, ఏడాదికేడాది పొడిగింపుల మీద బతికే తాత్కాలిక ఉద్యోగిలాగే ఉన్నారు. టెంపరరీ పోస్టు అంటే ఏమిటో ప్రభుత్వ ఉద్యోగాలు చేసిన కుటుంబాలకు వేరే చెప్పక్కర్లేదు. బుర్రలో పదేళ్ల పని ఉంటుంది, చేతిలో ఒక్క ఏడాది ఆర్డరు ఉంటుంది.

పెర్ల్ రివర్‌లో ఎనిమిదేళ్లు

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అది అమెరికన్ సయనమిడ్ అనే పెద్ద రసాయన కంపెనీ సొత్తు. కొద్దికాలానికే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఇక్కడ మొదటిసారి ఆయనకు మనుషులు, సామాను, సొమ్ము కావలసినంత దొరికాయి. ఇది మరో పద్దు. కంపెనీ సొమ్ము. ఆయన బతికి ఉన్నది ఇంకో ఎనిమిదేళ్లే. ఆ ఎనిమిదేళ్లలో వచ్చినవి చూడండి.

మొదటిది ఫోలిక్ యాసిడ్. దీని కథ బొంబాయిలో మొదలైంది. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భంతో ఉన్నప్పుడు వచ్చే తీవ్ర రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలో దాన్ని నయం చేసేది ఏదో ఉందని చెప్పారు. అదేమిటో తేలడానికి ఏళ్లు పట్టింది. లెడర్లీలో సుబ్బారావు గారి బృందం కాలేయం నుంచి దాన్ని వేరుచేసి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసింది. ఆ వెంటనే స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం కోలుకుంది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు సుమారు పాతికేళ్ల తర్వాత ఆయన చేతుల మీదుగానే మందు వచ్చింది.

రెండోది బోదకాలు మందు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేలమందికి ఫైలేరియా సోకింది. మన తీరప్రాంతాల్లో ఎన్ని తరాలుగానో ఉన్న జబ్బు అప్పుడు వాళ్లకు పెద్ద సమస్య అయింది. లెడర్లీ బృందం వందల రసాయనాలను వడపోసి హెట్రజాన్ అనే మందును 1947లో ప్రకటించింది. డీఈసీ అన్నది అదే. మన దేశంలో 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమానికి ఈ మందే ఆధారం. ఇప్పటికీ ఒడిశాలో, ఆంధ్రాలో, తమిళనాడులో పంచుతున్నది అదే.

మూడోది క్యాన్సర్ మందు. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందు ఇస్తే జబ్బు ఇంకా ఎక్కువైంది. ఫోలిక్ యాసిడ్ జబ్బును పెంచితే, దానికి అడ్డుపడేది జబ్బును తగ్గించాలి కదా అని ఆలోచించారు. సుబ్బారావు గారి రసాయన శాస్త్రజ్ఞులు అటువంటి విరుద్ధ పదార్థాలు చేసి పంపారు. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. 1948 జూన్‌లో అచ్చయిన నివేదికలో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించిందని ఫార్బర్ రాశారు. అది తాత్కాలికమే. కొద్ది నెలలకు జబ్బు తిరగబెట్టింది. అయినా అప్పటిదాకా వారాల్లో పోయే పిల్లలకు ఒక మందు పని చేసిందని తేలడం అదే మొదలు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్.

నాలుగోది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి యాంటీబయాటిక్. విశ్వవిద్యాలయం నియమాల ప్రకారం రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి సుబ్బారావు గారి విభాగంలోకి తీసుకున్నారు. డెబ్బై దాటిన ఆయన దేశం నలుమూలల నుంచి మట్టి తెప్పించి పరీక్షించారు. మందు దొరికిన మట్టి మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన సాన్‌బోర్న్ పొలం నుంచి వచ్చింది. 1888 నుంచి ప్రజల సొమ్ముతో నడుస్తున్న వ్యవసాయ ప్రయోగ క్షేత్రం అది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు మందుల దుకాణాల్లో జనం ఎగబడి కొన్నవి టెట్రాసైక్లిన్ మాత్రలే.

ఆరియోమైసిన్ ప్రకటన వచ్చిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండెపోటుతో సుబ్బారావు గారు పోయారు. వయసు 53. చట్టం మారి 1946 నుంచి భారతీయులు అమెరికా పౌరులు కావడానికి వీలున్నా ఆయన కాలేదు. భారతీయుడిగానే పోయారు. తర్వాత ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. మన తపాలా శాఖ 1995లో శతజయంతికి స్టాంపు వేసింది.

ఆయన పోయాక పని ఎవరు కొనసాగించారు?

చాలా వ్యాసాలు ఇక్కడ ఆగిపోతాయి. మన ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

1948లో సుబ్బారావు గారు పోయేనాటికి క్యాన్సర్ మందు కొన్ని నెలల ఊరట మాత్రమే. దాంతో ఒక్క బిడ్డకూ పూర్తిగా నయం కాలేదు. కంపెనీ లెక్కన చూస్తే రోగులు కొద్దిమంది, లాభం తక్కువ, ఫలితం అనుమానం. అక్కడితో వదిలేసి ఉంటే అడిగేవాడు లేడు. దాన్ని పట్టుకుని నడిపింది అమెరికా ప్రభుత్వ జాతీయ ఆరోగ్య సంస్థలు. ఎన్ఐహెచ్ అంటారు. 1947లో దాని మొత్తం బడ్జెట్ 80 లక్షల డాలర్లు. 1966 నాటికి అది 100 కోట్ల డాలర్లు దాటింది. 1955లో క్యాన్సర్ మందుల వడపోతకే ఒక జాతీయ కేంద్రం పెట్టడానికి అక్కడి పార్లమెంటు 50 లక్షల డాలర్లు ఇచ్చింది.

ఆ సొమ్ముతో ఏం జరిగింది? 1956లో ఎన్ఐహెచ్ సొంత ఆస్పత్రిలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు మాయ నుంచి పుట్టే ఒక క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ ఇచ్చారు. అది ఊపిరితిత్తులకు పాకిన స్త్రీలకు కూడా నయమైంది. గడ్డగా మొదలై ఒంట్లో పాకిన క్యాన్సర్ మందుతోనే నయం కావడం అదే మొదటిసారి. లీ రోగి బాగా కనిపించినా పరీక్షలో ఆనవాలు పూర్తిగా పోయేదాకా మందు ఆపలేదు. అది అతి అని ఆయన ఉద్యోగం పోయింది. ఆయనే సరి అని తర్వాత తేలింది. 1960లలో అదే సంస్థ డాక్టర్లు రక్త క్యాన్సర్ పిల్లలకు మెథోట్రెక్సేట్‌తో బాటు మరికొన్ని మందులు కలిపి ఇచ్చే పద్ధతి మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి ఒక్కో మోతాదు, ఒక్కో క్రమం మార్చి చూశారు. ఈ రోజు సంపన్న దేశాల్లో ఆ రకం రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి సుమారు 90 మంది బతుకుతున్నారు.

ఇప్పుడు పద్దులన్నీ వరసగా వేసి చూడండి. అయినవాళ్ల సాయం, కాకినాడ ధర్మనిధి, రాత్రి కూలి, విశ్వవిద్యాలయం తాత్కాలిక ఉద్యోగం, కంపెనీ సొమ్ము, ప్రజల సొమ్ముతో నడిచిన పొలం, చివరికి ప్రభుత్వ ఆస్పత్రి. ఒక్క మాత్రకు ఇన్ని చేతులు పట్టాయి. ఒక్కో చెయ్యి ఒక్కో దూరమే మోసింది. ధర్మనిధి ఓడ ఎక్కించగలదు గానీ 20 ఏళ్లు ప్రయోగశాల నడపలేదు. కంపెనీ మందు తయారుచేస్తుంది గానీ లాభం కనిపించని చోట ఎక్కువ కాలం నిలబడదు. ఫలితం ఎప్పుడొస్తుందో తెలియని పనికి 20, 30 ఏళ్లు ఓపిక పట్టగలిగింది ప్రభుత్వ ఖజానాయే.

ఇప్పుడు జరుగుతున్న కోత

2025లో ఆ ఖజానా మూత పడడం మొదలైంది. అమెరికా కొత్త ప్రభుత్వం వచ్చాక ఎన్ఐహెచ్ ఇచ్చిన గ్రాంట్లు చాలా మధ్యలోనే రద్దయ్యాయి. ప్రయోగశాల కరెంటు, భవనం, ఆఫీసు ఖర్చులకు గ్రాంటుతో పాటు ఇచ్చే వాటాను 15 శాతానికి మించనివ్వమని ఫిబ్రవరిలో ఆర్డరు ఇచ్చారు. కోర్టులు అడ్డుకున్నాయి. ఏప్రిల్‌లో సుబ్బారావు గారు పనిచేసిన హార్వర్డ్‌కే 220 కోట్ల డాలర్ల గ్రాంట్లు నిలిపేశారు. అది చట్టవిరుద్ధమని సెప్టెంబరులో బోస్టన్ న్యాయమూర్తి తీర్పు చెప్పారు. 2026 సంవత్సరానికి ఎన్ఐహెచ్ బడ్జెట్‌ను సుమారు 40 శాతం తగ్గించి 2,750 కోట్ల డాలర్ల దగ్గరకు తేవాలని ప్రభుత్వం ప్రతిపాదన పెట్టింది.

ఖర్చులో దుబారా ఉంటుంది, దాన్ని తగ్గించాలనడం తప్పు కాదు. బిల్లులు చూసినవాడిగా ఆ మాట నేనూ అంటాను. కానీ రోడ్డు పనికి నిధులు ఆపితే కంకర అక్కడే ఉంటుంది, మరుసటేడు మళ్లీ మొదలుపెట్టవచ్చు. పరిశోధన అలా కాదు. రెండేళ్లుగా పెంచుతున్న కణాలు చచ్చిపోతే మళ్లీ మొదటి నుంచి పెంచాలి. పదేళ్లుగా ఏటేటా పరీక్ష చేస్తున్న రోగుల వివరాల్లో ఒక ఏడాది తప్పితే ఆ ఖాళీ తర్వాత ఎంత డబ్బు పోసినా నిండదు. సగం మందు అందిన రోగి సంగతి చెప్పనే అక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం మనుషులు. చెయ్యి తిరిగిన కుర్రవాడు జీతం లేక వేరే ఉద్యోగానికి పోతే వాడి చేతిలోని పని వాడితోనే పోతుంది. కోర్టు తీర్పుతో సొమ్ము తిరిగి వచ్చినా పోయిన మనిషి తిరిగి రాడు.

ఈ దెబ్బ పరిశోధనతో ఆగలేదు. బోదకాలు వంటి జబ్బులకు ఆఫ్రికా, ఆసియా దేశాల్లో మందులు పంచడానికి 2006 నుంచి అమెరికా ప్రభుత్వం నడిపిన సహాయ కార్యక్రమం కూడా 2025లో ఆగిపోయింది. మన దేశంలో ఫైలేరియా కార్యక్రమం మన ప్రభుత్వ సొమ్ముతో నడుస్తోంది, 2027కల్లా ఆ జబ్బును తుడిచిపెట్టాలని లక్ష్యం. కాబట్టి మనకు ఆ మాత్ర ఆగలేదు. అంత అదృష్టం లేని దేశాలు ఉన్నాయి.

మనం మాత్రం పొంగిపోవడానికి లేదు. భారతదేశం మొత్తం పరిశోధన మీద పెట్టే ఖర్చు దేశ ఆదాయంలో 0.64 శాతం. ప్రభుత్వమే చెప్పిన లెక్క ఇది. అన్ని శాస్త్రాలకూ కలిపి అంతే. మన విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేసే పిల్లలకు ఫెలోషిప్పు సొమ్ము నెలల తరబడి ఆలస్యం కావడం ఎవరికీ కొత్త వార్త కాదు. మంజూరైన సొమ్ము సకాలంలో అందకపోతే అది కూడా కోతే. దానికి ఆర్డరు కాగితం ఉండదు, అంతే తేడా.

మనకు ఇందులో ఏమిటి?

మన కుటుంబాల పిల్లలు కొందరు బోస్టన్‌లో, బాల్టిమోర్‌లో, హ్యూస్టన్‌లో ప్రయోగశాలల్లో ఉన్నారు. గ్రాంటు ఆగితే జీతం ఆగుతుంది, జీతం ఆగితే వీసా ఆగుతుంది. వాళ్లు ఫోనులో తల్లిదండ్రులకు అన్నీ చెప్పరు. అక్కడి పెద్ద చదువు చదివి మధ్యలో తిరిగి వచ్చిన పిల్లవాణ్ణి ఓడిపోయి వచ్చాడని చూడకండి. రెండుసార్లు మెట్రిక్ తప్పి, డిగ్రీ దక్కక, సర్కారు ఉద్యోగం రాక, హార్వర్డ్‌లో పర్మనెంటు కాక, అప్పుడు గదా సుబ్బారావు గారు సుబ్బారావు గారయ్యారు. ఆ ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు చెయ్యి అందించారు.

ప్రభుత్వాల బడ్జెట్టు మన చేతిలో లేదు. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను రోడ్డు, నీళ్ల గురించి అడిగినట్టే జిల్లా వైద్య కళాశాలలో పరిశోధన జరుగుతోందా, దానికి నిధులు వస్తున్నాయా అని అడగవచ్చు. ఒక సంఘం అడిగితే నవ్వుతారు. కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో, యానాంలో ఉన్న తెలుగు సంఘాలన్నీ అడిగితే కాగితం కదులుతుంది.

రెండోది పూర్తిగా మన చేతిలో ఉన్నదే. ఉగాదికి, సంక్రాంతికి వేదిక అలంకరణకు, భోజనాలకు ప్రతి సంఘమూ ఖర్చు పెడుతుంది. పెట్టవద్దని అనను. పండగ పండగలా జరగాలి. కాని ఆ ఖర్చులో పదోవంతు విడిగా పెట్టి, సైన్సు చదివే ఒక్క పిల్లకో పిల్లవాడికో ఏడాది ఫీజు కడితే చాలు. మా సంఘంలో విద్యానిధిని కొనసాగించాలా, ఆ సొమ్ము హాలు మరమ్మతుకు మళ్లించాలా అన్న చర్చ ఈ ఏడాది సర్వసభ్య సమావేశానికి వస్తోంది. కార్యదర్శిగా నా అభిప్రాయం దాచుకోను. హాలు ఇంకో ఏడాది ఆగగలదు. ఫీజు గడువు ఆగదు.

కోరంగి దగ్గర పుట్టి రంగూన్‌లో చెమటోడ్చిన సత్యలింగ నాయకర్ గారికి ఏటీపీ అంటే ఏమిటో తెలియదు, తన సొమ్ము ఎక్కడ తేలుతుందో తెలియదు. చదువుకు రాసిపెట్టారు, అంతే. జనవరి 12న సుబ్బారావు గారి జయంతికి ఫోటోకు దండ వేసేటప్పుడు ఆ ధర్మదాతను, శేషగిరమ్మ గారిని కూడా తలుచుకుందాం. విద్యానిధికి చందా రాసే పుస్తకం ఆ రోజు వేదిక మీదే ఉంచుదాం.